ఓపీటీ మూడేళ్లు పక్కానా? లాల్ దర్వాజా నుంచి ఒక లెక్క

ఈ రోజు ఎపిసోడ్ మా గల్లీలోనే పుట్టింది. మాది పాతబస్తీ, లాల్ దర్వాజా. పోయిన వారం రాత్రి పక్కింటి కాక ఒక ప్లాస్టిక్ కవర్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. కవర్లో ఇంటి కాగితాలు. ఆయనకి పత్తర్‌గట్టి దగ్గర చిన్న బట్టల దుకాణం ఉంది. బిడ్డకి అమెరికాలో ఎంఎస్ సీటొచ్చింది. లోన్ కావాలంటే ఇల్లు తాకట్టు పెట్టమన్నారంట.

"బేటా, చదువైనంక మూడేండ్లు ఆడ్నే నౌకరీ చేస్కోవచ్చు, అప్పు తీరిపోతది అని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నరు. పక్కానా?" అని అడిగారు.

"పక్కా కాకా" అనబోయి ఆగాను. నా బీటెక్ బ్యాచ్‌లో అమెరికా వెళ్లినవాళ్లందరం, వెళ్లని నాలాంటివాళ్లం, ఓపీటీ అంటే ఒక చట్టం అనే అనుకున్నాం. ఆ రాత్రి కూర్చుని దాని చరిత్ర చదివితే తెలిసింది, అది చట్టం కాదు. రూల్. ఈ రెండింటికీ తేడా ఏంటో తెలిస్తేనే కాక ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

మొదలు 1947 ఆగస్టు. అప్పటికి మన హైదరాబాద్ ఇంకా నిజాం రాజ్యం. అదే నెలలో అమెరికా వలస శాఖ ఒక రూల్ తెచ్చింది. కాలేజీ సిఫారసు చేస్తే విదేశీ విద్యార్థి ప్రాక్టికల్ ట్రైనింగ్ కోసం ఆరు నెలలు పని చేయొచ్చు, ఇంకో రెండుసార్లు ఆరేసి నెలలు పొడిగించుకోవచ్చు. మొత్తం 18 నెలలు.

తర్వాత 1952లో పెద్ద ఇమిగ్రేషన్ చట్టం వచ్చింది. మన పిల్లలు వెళ్లే ఎఫ్-1 వీసా దాని నుంచి వచ్చిందే. ఆ చట్టం చెప్పేదేంటంటే, విద్యార్థి చదువు కోసమే రావాలి, సొంత దేశంలోని ఇంటిని వదిలేసే ఉద్దేశం ఉండకూడదు. చదువయ్యాక ఎన్ని నెలలు పని చేయొచ్చో అందులో రాయలేదు.

1992లో ఇప్పుడు మనం వాడే ఓపీటీ పేరు, 12 నెలల గడువు వచ్చాయి. 2008 ఏప్రిల్‌లో, బుష్ హయాంలో, సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ చదివినవాళ్లకి, అంటే స్టెమ్ వాళ్లకి, ఇంకో 17 నెలలు కలిపారు. మొత్తం 29. దీని మీద అమెరికా టెక్ ఉద్యోగుల యూనియన్ వాష్‌టెక్ కోర్టుకెళ్లింది. 2015 ఆగస్టులో వాషింగ్టన్ కోర్టు, జనం అభిప్రాయం అడగకుండా రూల్ పెట్టారని చెప్పి దాన్ని కొట్టేసింది. కానీ వెంటనే ఆపితే వేలమంది రోడ్డున పడతారని కొన్ని నెలలు టైమిచ్చింది. ఈసారి ప్రభుత్వం పద్ధతిగా అభిప్రాయాలు అడిగితే 50 వేలకు పైగా వచ్చాయి. 2016 మే 10 నుంచి కొత్త రూల్: 12కి 24 కలిపి 36 నెలలు.

కాకకి చెప్పిన "మూడేండ్లు" ఇదే.

వాష్‌టెక్ మళ్లీ కేసేసింది. 2022 అక్టోబర్‌లో అప్పీల్ కోర్టు ఇద్దరు జడ్జిలు ఔనంటే ఒకరు కాదనగా, ఈ రూల్ పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందని తేల్చింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. గెలిచాం అనుకున్నాం. కానీ ఆ తీర్పుని ఇంకోసారి చూడండి. రూల్ పెట్టే అధికారం ఉందన్నారంటే, పద్ధతి ప్రకారం దాన్ని మార్చే అధికారం కూడా ఉన్నట్టే.

18, 12, 29, 36. ఈ నాలుగు నంబర్లలో ఒక్కటి కూడా అమెరికా కాంగ్రెస్ పాస్ చేసిన చట్టంలో లేదు. మన భాషలో చెప్పాలంటే చట్టం సోర్స్ కోడ్, ఓపీటీ కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక వాల్యూ.

బ్రిటన్‌లోనూ ఇదే కథ. చదువయ్యాక రెండేళ్లు పని చేసుకునే దారిని 2012 ఏప్రిల్‌లో మూసేశారు. 2021 జులైలో గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో మళ్లీ తెరిచారు. 2025 మేలో దాన్ని 18 నెలలకి తగ్గిస్తామని ప్రకటించారు.

మరి నెలలు తగ్గితే ఏమవుతుంది? హెచ్-1బీకి ఏడాదికోసారే ఛాన్స్. వీసాలు 85 వేలు, దరఖాస్తులు లక్షల్లో. 36 నెలలుంటే దాదాపు మూడు ప్రయత్నాలు, 12 నెలలైతే ఒక్కటే. నా బ్యాచ్‌మేట్ ఒకడికి మూడు లాటరీల్లోనూ పేరు రాలేదు. అప్పు సగం తీరింది, మిగతా సగానికి ఇప్పుడు హైదరాబాద్ జీతంతో ఈఎంఐ కడుతున్నాడు.

అలా ఇరుక్కున్నవాళ్లకే కొందరు అడ్డదారి అమ్ముతారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. విద్యార్థుల్లో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు తొడిగారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే! అక్కడ కూడా దొరికినవాళ్లలో చాలామంది మనవాళ్లే. క్లాసుల్లేకుండా ఫీజు కడితే పని చేసుకోవచ్చని ఎవరన్నా చెబితే, ఈ రెండు పేర్లు గుర్తుకు రావాలి.

నేను భయపెట్టడానికి చెప్పట్లేదు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుంటే, అందులో 97,556 మంది ఓపీటీ మీదే ఉన్నారు. ఆ దారి నిజమే. కాకపోతే లోపల కూడా గడువులున్నాయి. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులు మించి ఖాళీగా ఉండకూడదు, స్టెమ్ పొడిగింపుతో కలిపి 150. పొడిగింపు కావాలంటే కంపెనీ ఈ-వెరిఫైలో ఉండాలి, ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం చేయాలి. "మూడేళ్లు" అనే మాటలో ఇన్ని షరతులున్నాయి.

అందుకే కాకకి ఇలా చెప్పాను. "కాకా, 36 నెలలు వస్తే అదృష్టం అనుకో. అప్పు మాత్రం 12 నెలల జీతం మీద లెక్కెయ్. ఆ తర్వాత బిడ్డ ఇంటికొచ్చేసినా ఇక్కడి జీతంతో కట్టగలిగేంతే తీసుకో."

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కవర్ మడిచి, "ఐతే ఇల్లు మొత్తం పెట్టొద్దంటవ్" అన్నారు. పెట్టొద్దని నేను అనలేదు. ఎందుకంటే ఆ ఇల్లు ఆయనది, ఆ కల వాళ్ల బిడ్డది. నిన్న ఆ అమ్మాయే వచ్చింది, ఫీజు తక్కువున్న ఇంకో యూనివర్సిటీ లెక్క ఎక్సెల్‌లో వేసుకుని. 12 నెలల కాలమ్ ఒకటి, 36 నెలల కాలమ్ ఒకటి. ఇద్దరం కలిసి రాత్రి పదకొండు దాకా చూశాం. కాక ఇంకా సంతకం పెట్టలేదు.

మీ ఇంట్లో కూడా ఎవరన్నా ఇప్పుడు కాగితాలు బయటకు తీస్తుంటే, సంతకానికి ముందు ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. వచ్చే వారం కలుద్దాం.