బహుళవేదిక మొబైల్ యాప్‌ల సిద్ధమూసలు: మొగుడంపల్లి నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మొగుడంపల్లి కొత్త మండలకేంద్రమైంది. అంతవరకు మెదక్ జిల్లా జహీరాబాద్ మండలంలో ఉన్న ఈ గ్రామం సంగారెడ్డి జిల్లాలో చేరింది. ఆ రోజున తెలంగాణ జిల్లాల సంఖ్య 10 నుండి 31కి పెరిగింది. 2019 ఫిబ్రవరిలో 33 అయింది. ఈ మార్పుకు ముందే జిల్లాల, మండలాల పట్టికను తనలో ఇముడ్చుకొని సిద్ధమైన ఏ యాప్ మూసలోనూ మొగుడంపల్లి మండలం ఉండే అవకాశం లేదు. చిరునామా గడిలో తన మండలమే కనబడని పౌరుడు ఆ దరఖాస్తును సరిగా పూర్తిచేయలేడు. మూస ఎంపికలోని చారిత్రక సమస్య ఇక్కడే మొదలవుతుంది.

మూసల ఆవిర్భావం

2007లో ఐఫోన్, 2008లో ఆండ్రాయిడ్ ఫోన్ విపణిలోకి వచ్చాయి. మొదటిదానికి ఆబ్జెక్టివ్-సి, రెండవదానికి జావా ప్రధాన భాషలైనందున ఒకే యాప్‌ను రెండుసార్లు రాయవలసివచ్చేది. ఈ భారమే బహుళవేదిక పద్ధతికి మూలం. 2009లో వెలువడిన ఫోన్‌గ్యాప్, వెబ్ పుటల భాషలతోనే యాప్ నిర్మించే వీలు కల్పించింది. దానిని రూపొందించిన నితోబి సంస్థను 2011లో అడోబి కొనుగోలు చేసింది; మూలసంకేతం అపాచీకి చేరి కార్డోవాగా కొనసాగింది. 2015లో రియాక్ట్ నేటివ్, 2018 డిసెంబరులో ఫ్లట్టర్ తొలి స్థిరరూపం వచ్చాయి. లాగిన్, జాబితా, చెల్లింపు వంటి తెరలను ముందే అమర్చిన సిద్ధమూసలు వీటి ఆధారంగా విస్తరించాయి.

ఆధారం తొలగితే మూస నిలవదు. 2020లో అడోబి ఫోన్‌గ్యాప్‌ను విరమించింది. 2024 మేలో జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఈ పునాదులపై నిర్మించిన యాప్‌లను వేరొక ఆధారంపైకి తరలించవలసిన అవసరం ఏర్పడింది.

లిపి పరీక్ష

ఆంగ్లాక్షరాల ఎత్తును బట్టి గీసిన గడులలో తెలుగు గుడులు పైన, వత్తులు కింద తెగిపోతాయి. 'స్త్రీ', 'లక్ష్మి' వంటి పదాలతో మూసను పరీక్షిస్తే ఈ లోపం వెంటనే తెలుస్తుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞ' తరువాత కంటికి కనబడని ఒక సంకేతం, ఆపై దీర్ఘం చేరిన అక్షరక్రమాన్ని చూపబోయి ఐఫోన్‌లోని యాప్‌లు ఆగిపోయాయి; 11.2.6 నవీకరణతో ఆపిల్ దానిని సరిదిద్దింది. రియాక్ట్ నేటివ్ అక్షరప్రదర్శనను ఫోన్ వ్యవస్థకే అప్పగిస్తుంది. ఫ్లట్టర్ తన సొంత యంత్రాంగంతో గీస్తుంది. కనుక ఒకే తెలుగు పదం రెండింటిలో రెండు వేర్వేరు ఆధారాలపై నిలుస్తుంది. 2017లో తెలంగాణలో రెండవ అధికారభాషగా రాష్ట్రవ్యాప్త గుర్తింపు పొందిన ఉర్దూకు కుడినుండి ఎడమకు సాగే తెర అమరిక కూడా అవసరం.

ముగింపు

పై చరిత్రను బట్టి మూస ఎంపికకు మూడు ప్రమాణాలను నిర్ధారించవచ్చు: ఆధారచట్రానికి మద్దతు కొనసాగుతుండడం, స్థానిక లిపులు తెగకుండా నిలవడం, మారే సమాచారం మూసకు వెలుపల ఉండడం. వీటిలో మూడవదే అధికంగా విస్మరణకు గురయ్యేది. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ వంటి అధికారిక పట్టిక నుండి పేర్లను గ్రహించే యాప్‌లో కొత్త మండలం చేరడానికి మూసను మార్చనవసరం లేదు. రూపాన్ని అరువు తెచ్చుకోవచ్చు. ఊరి పేరును మాత్రం ఊరి నుండే తీసుకోవాలి.