కాఠ్‌కునీ గోడ: హిమాలయ వాలుల్లో ఇంటి నిర్మాణం

హిమాచల్‌ప్రదేశ్‌లోని కులూ, శిమ్లా, కిన్నౌర్ ప్రాంతాల పాత ఊళ్లలో ఇళ్లు, గుళ్లు చాలావరకు కాఠ్‌కునీ పద్ధతిలో కట్టినవే. ఒక వరుస దేవదారు దూలాలు, వాటి మీద ఒక వరుస రాళ్లు, మళ్లీ దూలాలు. గోడంతా ఇలాగే లేస్తుంది. రాళ్ల మధ్య సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. ఇనుప మేకుల అవసరం కూడా పెద్దగా రాదు.

ఈ గోడలో చెక్క వరుస అంటే ఒక్క దూలం కాదు. గోడ లోపలి అంచున ఒకటి, బయటి అంచున ఒకటి, రెండు దూలాలు సమాంతరంగా నడుస్తాయి. మధ్య ఖాళీని చిన్న రాళ్లతో దట్టంగా నింపుతారు. ఆ రెండు దూలాలూ ఎడంగా జరిగిపోకుండా అక్కడక్కడ అడ్డచెక్కలు బిగిస్తారు. అడ్డచెక్క కొసలు బయటికి వెడల్పుగా, లోపలికి సన్నగా ఉంటాయి కాబట్టి ఒకసారి గాడిలో కూర్చున్నాక ఊడిరావు. మూల దగ్గర ఒక గోడ దూలం మీదుగా పక్కగోడ దూలం పోతుంది. రెంటినీ కలిపి చెక్క చీల దిగగొడతారు. వడ్రంగి పనితనమంతా ఈ మూలలోనే తెలుస్తుంది.

గోడ అడుగున రాయి పాలు ఎక్కువ, పైకి పోయేకొద్దీ చెక్క పాలు ఎక్కువ. ఎత్తయిన రాతి అరుగు మీద మొదలుపెట్టడం వల్ల మంచు కరిగిన నీరు చెక్కకు తగలదు. కింది అంతస్తు పశువులకు, దాని పైది ధాన్యానికి, అన్నిటికన్నా పైది కుటుంబానికి. పశువుల ఒంటి వేడి చలికాలంలో పై గదులకు అందుతుంది. పై అంతస్తు చుట్టూ చెక్క వసారా గోడ దాటి ముందుకు వస్తుంది. కప్పు మీది బరువైన పలకరాళ్లు గోడను కిందికి అదిమి పట్టి ఉంచుతాయి.

భూకంపం వచ్చినప్పుడు ఈ గోడ బిగుసుకుని నిలబడదు, కదులుతుంది. సున్నం లేని రాళ్లు ఒకదానిమీద ఒకటి కొద్దిగా జరుగుతాయి, ఆ రాపిడిలో కుదుపు బలం చాలావరకు ఖర్చయిపోతుంది. దూలాలు రాళ్లను చెదిరిపోనివ్వవు, మూలలు విడిపోనివ్వవు. 1905 ఏప్రిల్ 4న వచ్చిన కాంగ్రా భూకంపంలో సుమారు 20,000 మంది చనిపోయారు. కాంగ్రా కోట శిథిలమైంది. కులూ లోయలో కాఠ్‌కునీ పద్ధతిలో కట్టిన నగ్గర్ కోట నిలిచింది. అయితే ఈ పద్ధతిని మంత్రంలా చూడకూడదు. బంజార్ దగ్గరి చెహ్ని కోఠీ గోపురం పై అంతస్తులు కూలింది ఆ భూకంపంలోనే. మిగిలిన భాగం మాత్రం ఇప్పటికీ చాలా ఎత్తుగా నిలబడి ఉంది.

కశ్మీర్‌లో ఇదే సమస్యకు వేరే జవాబులు దొరికాయి. శ్రీనగర్ నేల మెత్తటిది, కట్టడం సమంగా దిగబడదు. అక్కడి తాక్ పద్ధతిలో ఇటుక స్తంభాల వంటి భాగాలను ప్రతి అంతస్తు దగ్గర నిచ్చెన ఆకారపు చెక్క కట్లతో కలుపుతారు. ధజ్జీ దేవారీలో ముందు చెక్క చట్రం నిలిపి, అడ్డ, నిలువు, ఏటవాలు కొయ్యలతో దాన్ని చిన్న గడులుగా విడదీసి, ఆ గడుల్ని మట్టితో రాళ్లు, ఇటుకలు పేర్చి నింపుతారు. పగులు వస్తే ఆ గడి దగ్గరే ఆగిపోతుంది. 2005 అక్టోబరు 8 భూకంపం తర్వాత నియంత్రణ రేఖకు అవతల పునర్నిర్మాణ అధికారులు ధజ్జీని ఆమోదించిన పద్ధతుల్లో చేర్చారు. వేల కుటుంబాలు దానితోనే మళ్లీ ఇళ్లు కట్టుకున్నాయి.

కాఠ్‌కునీ వెనకబడడానికి కారణం నైపుణ్యం తరిగిపోవడం కన్నా ముందు కలప దూరమవడం. 19వ శతాబ్దం రెండో సగంలో రైలు పట్టాల కింద వేసే దిమ్మెల కోసం దేవదారు అడవులను పెద్దఎత్తున నరికారు. 1878 అటవీ చట్టం అడవి మీద ఊరివాళ్ల హక్కును కుదించింది. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో చెట్ల నరికివేతపై ఆంక్షలు మరింత బిగిశాయి. అడవిని కాపాడడం అవసరమే. కానీ ఒక్క ఇంటికి పదుల కొద్దీ దూలాలు కావలసిన పద్ధతికి ఆ తర్వాత చోటు మిగల్లేదు. శిమ్లాలో బ్రిటిషువాళ్లు కూడా మొదట చెక్క చట్రాలతోనే చాలా ఇళ్లు కట్టారు. మంటల భయం ఉన్న చోట 1896-97లో రైల్వే బోర్డు భవనాన్ని పోత ఇనుము, ఉక్కుతో లేపారు.

రోడ్లు పడి సిమెంటు, ఉక్కు కడ్డీలు లారీల్లో కొండెక్కాక కాంక్రీటు పద్ధతి అంతటా పాకింది. దాని బలం గురించి సందేహం అక్కరలేదు. చిక్కంతా మైదానంలో కట్టే నమూనాను వాలు మీదికి తేవడంలో ఉంది. వాలు మీద భవనానికి లోయవైపు స్తంభాలు పొడుగ్గా, కొండవైపువి పొట్టిగా ఉంటాయి. భూమి ఊగినప్పుడు పొడుగువి వంగుతాయి, పొట్టివి బిగుసుకుపోయి ఎక్కువ భారాన్ని తామే మోసి ముందుగా విరుగుతాయి. ఇంటి స్థలం కోసం కొండను నిలువుగా కోస్తే పైనున్న మట్టికి ఆధారం పోతుంది. వాననీటికీ మురుగునీటికీ దారి చూపకపోతే ఆ నీరు మట్టిలోకి ఇంకి, బరువు పెరిగిన వాలు జారుతుంది.

ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ ఊరు పాత కొండచరియల శిథిలాల మీద ఉందని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది, అక్కడ భారీ నిర్మాణాలు వద్దని హెచ్చరించింది. 2023 జనవరి నాటికి అక్కడ 800కు పైగా కట్టడాలు పగుళ్లు పట్టాయి. అదే ఏడాది ఆగస్టులో కులూ జిల్లా ఆనీలో బహుళ అంతస్తుల భవనాలు వరుసగా కుప్పకూలాయి.

భారత ప్రమాణాల సంస్థ 1993లో ఐఎస్ 13827ను మట్టి కట్టడాల కోసం, ఐఎస్ 13828ను తక్కువ బలమున్న రాతి, ఇటుక కట్టడాల కోసం తెచ్చింది. గోడ మందమంతా దాటే పొడవు రాళ్లు, గోడలన్నిటినీ చుట్టూ కలిపే అడ్డపట్టీలు వాటిలోని ముఖ్య సూచనలు. పట్టీని కాంక్రీటుతో పోసినా చెక్కతో వేసినా, కాఠ్‌కునీలో దూలాల వరుస చేసే పనే అది చేస్తుంది: మూలలను విడిపోకుండా పట్టి, గోడలన్నీ కలిసి కదిలేలా చేస్తుంది.