టూరెట్ వ్యాధి - దంతరక్షణ

1825లో పారిస్ వైద్యుడు ఇటార్డ్, ఏడవ యేటి నుండి తన వశంలో లేని చలనాలతో బాధపడిన ఒక ప్రభువంశపు స్త్రీని వర్ణించాడు. 1885లో జిల్ ద లా టూరెట్ అట్టి తొమ్మిదిమంది రోగులను వివరించగా, గురువైన షార్కో ఆ వ్యాధికి శిష్యుని పేరే పెట్టాడు.

ఈ రోగులలో కొందరు తమకు తెలియకనే పళ్ళు నూరుతారు. నాలుక, బుగ్గలు కరచుకుంటారు. అరిగిన ఎనామిల్ తిరిగి పెరగదు. చాలాకాలం దీనిని మనోదౌర్బల్యమనే తలచారు. 1960 తరువాత హాలోపెరిడాల్ గుణమివ్వడంతో పరిశోధకుల దృష్టి మెదడులోని రసాయనాలపైకి మళ్ళింది. 2019లో జపానులోని ఒసాకా పరిశోధకులు, పళ్ళకు అమర్చే తొడుగు వలన కొందరిలో ఈ చలనాలు తగ్గినట్లు ప్రకటించారు.

గాండ్లపెంట బడిలోనైనా, పారిస్ నగరంలోనైనా, అట్టి పిల్లవానికి కావలసినది దండన కాదు. వైద్యుడూ, దంతవైద్యుడూ కలిసి చేసే చికిత్స.