ఫైలు పేరులో ఫిర్యాదు నంబరు

జీసీసీ కంపైలర్ టెస్టుల ఫోల్డరులో 920410-1 అనే చిన్న సీ ఫైలు ఒకటుంది. పేరులోని ఆరంకెలు 1992 ఏప్రిల్ 10వ తేదీ. అది ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది గానీ, ఏ తప్పును పట్టడానికి పుట్టిందో తెలియదు. ఆ తర్వాతి కాలపు ఫైళ్ల పేర్లు ‘పీఆర్’తో మొదలవుతాయి, పక్కన ఓ నంబరు. పీఆర్ అంటే ప్రాబ్లం రిపోర్టు. బగ్‌లను నమోదు చేసుకోవడానికి గ్నూ ప్రాజెక్టు వాడిన గ్నాట్స్‌లోని మాట. చాలా ఫైళ్లలో తొలి వరుసలోనే కంపైలర్‌లో ఏ భాగమో రాసి, గీత గీసి, అదే నంబరు వేస్తారు. కింద మొరాయించిన కోడు కొన్ని వరుసలు. బగ్ రిపోర్టుకూ, పాత తప్పు తిరిగొచ్చిందా అని చూసే రిగ్రెషన్ టెస్టుకూ లంకె ఏదో ఖరీదైన సాఫ్ట్‌వేర్ వల్ల కుదిరిందనుకుంటాం. కానీ తేదీ రాసే చోట ఫిర్యాదు నంబరు రాయడమనే గుమాస్తా అలవాటే చాలావరకు ఆ పని చేసేసింది.

పాత టెస్టులన్నీ మళ్లీ నడపాలన్న ఎరుక అంతకుముందే ఉంది. ఒక లోపాన్ని సరిచేస్తే మరొకటి తలెత్తే అవకాశం 20 నుంచి 50 శాతం దాకా ఉంటుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. కొరవడిందల్లా టెస్టు వెనకున్న కారణం. పదేళ్ల నాటి టెస్టు ఇవాళ ఫెయిలైతే, కొత్త కోడు తప్పా, టెస్టుకే కాలం చెల్లిందా? నంబరుంటే అసలు ఫిర్యాదు తెరిచి చూడొచ్చు. లేకపోతే టెస్టునే తీసిపారేయాలన్న బుద్ధి పుడుతుంది. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రాజెక్టు బగ్‌కూ టెస్టుకూ ఉన్న ఈ లంకెను నియమమే చేసింది: బగ్‌ను బయటపెట్టే టెస్టు చేరేదాకా ఆ బగ్‌ను సరిచేసినట్టు లెక్క కాదు.

నంబరుకు నోరెక్కడిది, అది ఏం చెబుతుంది అంటారు. నిజమే. రస్ట్ కంపైలర్‌లో ‘ఇష్యూ’ నంబర్లే పేర్లుగా ఉన్న ఫైళ్లు గుట్టపడ్డాయి, ఇప్పుడు విషయం తెలిసేలా పేరు పెట్టమంటున్నారు. కానీ నంబరును పారేయమనలేదు, పేరులోంచి కామెంటులోకి దింపమన్నారు. బగ్‌లను నమోదు చేసే రిజిస్టరు మారితే నంబర్లు అనాథలవుతాయన్న భయం ఇంకాస్త గట్టిది. జీసీసీ 2003లో గ్నాట్స్ నుంచి బగ్‌జిల్లా అనే రిజిస్టరుకు మారినప్పుడు పాత నంబర్లనే ఉంచుకుంది. ఎస్‌క్యూలైట్ 2009లో ఫాసిల్ అనే వ్యవస్థకు మారాక వరుస నంబర్లు పోయి, అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడుగాటి గుర్తు వచ్చింది. పలకడానికి నోరు తిరగదు, వెతికితే మాత్రం దొరుకుతుంది. ఫిర్యాదు వైపు నుంచి టెస్టును చేరడమే ఇంకా తిప్పలు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా అందుకోసం బగ్ పేజీలోనే ఓ ఫ్లాగ్ పెట్టింది: ప్లస్ అంటే టెస్టు చేరింది, ప్రశ్నార్థకమంటే చేరాలి, మైనస్ అంటే అక్కర్లేదని తేల్చేశారు. భద్రతా లోపాలకైతే టెస్టును కావాలనే ఆలస్యంగా చేరుస్తారు. ముందే బయటపడితే దాడి ఎలా చేయాలో అదే చూపిస్తుంది గనుక, దిద్దిన బ్రౌజరు జనానికి చేరేదాకా ఆగుతారు.