విమానాశ్రయ వాతావరణ నివేదికలు ఒకేచోట – మెటార్, టాఫ్‌లను కలిపి అందించే సాఫ్ట్‌వేర్ సదుపాయం

విమానం గమ్యస్థానంలో దిగగలదా, లేక మరొక విమానాశ్రయానికి మళ్లవలసి ఉంటుందా అన్న నిర్ణయానికి రెండు వాతావరణ నివేదికలు ముఖ్య ఆధారాలు. విమానాశ్రయంలో పరిశీలించిన వాతావరణాన్ని తెలిపేది 'మెటార్'. రాబోయే గంటలలో అక్కడి వాతావరణం ఎలా ఉండగలదో తెలిపేది 'టాఫ్'. ఈ రెండింటినీ ఒకే అభ్యర్థనతో తెచ్చి చూపే సాఫ్ట్‌వేర్ సాధనాలు నేడు అందుబాటులో ఉన్నాయి. పొగమంచు, తుపానుల సమయంలో విమాన రాకపోకలపై వార్తలు రాసే పాత్రికేయులకు, సహాయక చర్యలు పర్యవేక్షించే అధికారులకు వీటి వినియోగంపై అవగాహన ఎంతైనా అవసరం.

నివేదికల స్వరూపం

మెటార్ సంకేత పద్ధతి అంతర్జాతీయంగా 1968లో అమలులోకి వచ్చింది. ఈ నివేదిక గంటకు లేదా అరగంటకు ఒకసారి వెలువడుతుంది. మధ్యలో వాతావరణం చెప్పుకోదగినంతగా మారితే 'స్పెసి' పేరుతో ప్రత్యేక నివేదిక జారీ అవుతుంది. గాలి దిశ, వేగం, దృశ్యమానత, మేఘాల ఎత్తు, ఉష్ణోగ్రత, వాయుపీడనం ఇందులోని ప్రధానాంశాలు. టాఫ్ 6 గంటల నుంచి 30 గంటల వరకు వర్తిస్తుంది. వ్యవధి 12 గంటలలోపు ఉన్న టాఫ్‌ను 3 గంటలకోసారి, అంతకు మించినదానిని 6 గంటలకోసారి జారీ చేస్తారు.

సాఫ్ట్‌వేర్ పనితీరు

అమెరికా జాతీయ వాతావరణ సర్వీసుకు చెందిన ఏవియేషన్ వెదర్ సెంటర్ మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీ నుంచి పనిచేస్తున్నది. ఈ కేంద్రం నిర్వహించే సమాచార సేవ ఇటువంటి సాధనాలకు చక్కని ఉదాహరణ. విమానాశ్రయ సంకేతాన్ని ఇచ్చి మెటార్ కోరుతూ, టాఫ్ కూడా కావాలని సూచించినట్లయితే రెండూ కలిసి లభిస్తాయి. వీటిని మూల సంకేత రూపంలోను, కంప్యూటర్ ప్రోగ్రాములు చదవగల జేసన్, ఎక్స్‌ఎంఎల్ రూపాలలోను పొందవచ్చు.

అయితే ఇవ్వవలసింది నాలుగక్షరాల అంతర్జాతీయ సంకేతమే గాని, టికెట్లపై కనిపించే మూడక్షరాల సంకేతం కాదు. శంషాబాద్ విమానాశ్రయానికి వీఓహెచ్‌ఎస్, విజయవాడకు వీఓబీజడ్, తిరుపతికి వీఓటీపీ అని ఇవ్వాలి. టాఫ్ జారీ కాని విమానాశ్రయాలకు మెటార్ మాత్రమే వస్తుంది.

చదివే విధానం

అవగాహన కోసం రూపొందించిన ఒక నమూనాలోని ముఖ్య భాగాలు ఇలా ఉన్నాయి:

మెటార్ వీఓహెచ్‌ఎస్ 120030జడ్ 0800 ఎఫ్‌జీ నోసిగ్
టాఫ్ వీఓహెచ్‌ఎస్ 112300జడ్ 1200/1306 0800 ఎఫ్‌జీ బీఈసీఎంజీ 1203/1205 4000 బీఆర్

మొదటి వరుస 12వ తేదీ 00.30 గంటల నాటి పరిశీలన. దృశ్యమానత 800 మీటర్లు, పొగమంచు ఉన్నది. 'జడ్' అక్షరం అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని సూచిస్తుంది. దానికి 5.30 గంటలు కలిపితే భారత కాలమానం వస్తుంది. కనుక ఈ పరిశీలన మన ఉదయం 6.00 గంటలకు జరిగినదని అర్థం.

రెండవ వరుస 11వ తేదీ 23.00 గంటలకు, అనగా మనకు 12వ తేదీ తెల్లవారుజామున 4.30 గంటలకు జారీ అయినది. ఉదయం 8.30, 10.30 గంటల మధ్య పొగమంచు పలచబడి, దృశ్యమానత 4,000 మీటర్లకు పెరగగలదని అది తెలుపుతున్నది.

పాటించవలసిన జాగ్రత్తలు

రెండు నివేదికలు ఒకే తెరపై కనిపించినంత మాత్రాన రెండూ ఒకే సమయానికి చెందినవి కావు. పై నమూనాలో టాఫ్ మెటార్ కంటే గంటన్నర ముందుది. పరిశీలన కేంద్రం నుంచి కొత్త నివేదిక రానప్పుడు సాధనంలో పాతదే కనిపించే అవకాశముంది. కావున నివేదికలోని సమయాన్ని సరిచూడనిదే 'ప్రస్తుత వాతావరణం' అని రాయడం సరికాదు. అర్ధరాత్రి నుంచి ఉదయం 5.30 గంటల వరకు తేదీ కూడా ఒకరోజు వెనుకగా ఉంటుందని గుర్తించాలి.

'నోసిగ్' అన్న సంకేతం మరింత పొరపాటుకు దారితీస్తుంది. వాతావరణం అనుకూలంగా ఉన్నదని దాని అర్థం కాదు. రాగల 2 గంటలలో చెప్పుకోదగిన మార్పు ఉండదని మాత్రమే అర్థం. పై నమూనాలో పొగమంచు ఉదయం 8.00 గంటల వరకు కొనసాగగలదని అది చెబుతున్నది. దీనిని తప్పుగా గ్రహించి విమానాలు యథాతథమని ప్రకటిస్తే ప్రయాణికులు ఇబ్బంది పడతారు, సహాయక బృందాల ఏర్పాట్లు తారుమారవుతాయి.

దేశంలో విమానయాన వాతావరణ సేవలను అందించే బాధ్యత భారత వాతావరణ శాఖది. విమాన చాలకులకు అవసరమైన అధికారిక వివరాలను ఆ శాఖ ఆన్‌లైన్ బ్రీఫింగ్ సిస్టమ్ ద్వారా అందజేస్తున్నది. సమాచారాన్ని తెచ్చి చూపే ఇతర సాధనాలు అవగాహనకు తోడ్పడతాయే తప్ప, విమాన నిర్వహణలో అధికారిక వివరాలకు ప్రత్యామ్నాయం కాజాలవు.