తుపాకికొయ్య: ఒక చరిత్రాధారము

శాసనము, నాణెము, తాళపత్రము, కైఫీయతు – ఇవి ప్రాంతీయ చరిత్రకు ఆధారములని ఎల్లరు నంగీకరింతురు. వేటతుపాకి నా వరుసలో చేర్చువారు మాత్రము అరుదు. చూచినవారు దాని గొట్టముపై చెక్కిన పనితనమును మెచ్చుకొని, "ఇది ఫలానా దొర తాతగారికి బహూకరించినది" అను మాట విని, అంతటితో తృప్తి పొందుదురు. ఆ మాట నిజమో కాదో చెప్పగల సాక్షి చేతనే యున్నది. అది తుపాకి కొయ్యభాగము. దానిని చదువు విధానమును గూర్చి విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ప్రాంతమును గూర్చి రెండు మాటలు. పుంగనూరు సంస్థానము, కుప్పము చేరువనున్న కంగుంది సంస్థానము నాడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందినవి. మదనపల్లె కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవి యన్నియు ఒక్క పాలనక్రిందికి వచ్చినవి. 1878 నాటి ఆయుధచట్టము అనుమతిపత్రము లేనిదే తుపాకి నుంచుకొనరాదని శాసించెను. కావున మంచి రైఫిలు గలిగియుండుట వేటకు సాధనమే కాక హోదాకు చిహ్నమును అయ్యెను. 1948 నాటి మదరాసు ఎస్టేటుల రద్దుచట్టముతో సంస్థానములు పోయినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటకు కాలము చెల్లినది. ఒకనాటి వేటభూమిలో కొంత 1990లో కౌండిన్య అభయారణ్యమైనది. ఏనుగులకు నేడు అది ఆశ్రయము.

ఇక తుపాకి విషయము. "బ్రిటిషు రైఫిలు" అనునప్పుడు అందు బ్రిటిషుది ఏది? ప్రశ్న వింతగా తోచవచ్చును. డబ్లినులో 1775లో ప్రారంభమై తరువాత లండనుకు తరలిన రిగ్బీ సంస్థ, పందొమ్మిదవ శతాబ్ది చివర జర్మనీ దేశపు మౌజరు యంత్రభాగమును తెప్పించి దానిపై తన రైఫిళ్లను నిర్మించెను. ప్రసిద్ధి కెక్కిన .275 రిగ్బీ తూటా, మౌజరువారి ఏడు మిల్లిమీటరుల తూటాకు మారుపేరే. అట్టి తుపాకిలో ఇనుము జర్మనుది. ఆ ఇనుమును వేటగాని భుజమునకు, చెంపకు, కంటికి అమర్చిన పని లండనుది. ఆ అమరిక యంతయు కొయ్యలో నున్నది.

ఈ కొయ్య సామాన్యముగా అక్రోటు చెట్టుది. అది మరీ బరువు కాదు, త్వరగా వంగదు, తూటా పేలినప్పటి వెనుకపోటును ఓర్చుకొనును. మంచి పనివాడు దుంగను ఎన్నుకొనుటలోనే తన నేర్పు చూపును. చేయి పట్టుకొను సన్నని భాగమున నార తిన్నగా సాగవలెను. ఏలయన పోటు తగిలినప్పుడు పగులునది అచ్చటనే. భుజమున కానించు మడమభాగమున మాత్రము చారలు ఎంత వంపులు తిరిగిన నంత అందము. దృఢత్వమును సౌందర్యమును ఒక్క దుంగలో వేర్వేరు చోట్ల కూర్చుటయే ఇందలి శిల్పము. చేయి జారకుండుటకై చెక్కిన గళ్లు, ముందుకొనకు తొడిగిన కొమ్ముముక్క, వార్నీషుకు బదులు పలుమారులు రుద్ది ఇంకించిన అవిసెనూనె – ఇవి యన్నియు ప్రయోజనమునుండి పుట్టిన అలంకారములు.

చరిత్రకారునికి అంతకంటె ముఖ్యమైనవి కొలతలు. మీటనుండి మడమచివరకు గల నిడివి, చెంప ఆనుచోటి పల్లము, కుడిచేతివాటము వానికై మడమను కుడివైపునకు కొంచెము ఒరగించిన వంపు – వీనిని యజమాని శరీరమును బట్టి నిర్ణయింతురు. అంగడిలో సిద్ధముగా నున్నదానిని కొన్నచో కొలతలు సామాన్యముగ నుండును. ప్రత్యేకముగా చేయించినచో ఒక మనిషి చేతిపొడవు, మెడతీరు ఆ కొయ్యలో నిలిచియుండును. తరువాతివాడు పొట్టివాడైనచో మడమను కోయించును. పొడుగువాడైనచో రబ్బరుదిమ్మ చేర్పించును. కావున ఒక కోత, ఒక అతుకు, చేతులు మారిన కథను చెప్పగలవు.

కొయ్య ఒక్కటే చాలదు. గొట్టముపై లండను, బర్మింగుహాము పరీక్షాశాలల ముద్రలుండును. బర్మింగుహాము శాల 1813లో పార్లమెంటు చట్టముచే నేర్పడినది. ముద్రల రూపము కాలక్రమమున మారినందున అవి తుపాకి వయస్సును తెలుపును. వరుససంఖ్య తయారీదారుని చిట్టాలో మొదటి కొనుగోలుదారుని చూపగలదు. తూటా కొలతయు సాక్షియే: 1898లో వెలువడిన .450 తూటాను, అది తిరుగుబాటుదారుల సైనికతుపాకులకు పనికివచ్చునను భయముచే, కొలది యేండ్లకే భారతప్రభుత్వము నిషేధించెను. అందుచే .465, .470, .475 కొలతలు ప్రచారములోనికి వచ్చినవి.

ఈ సాక్ష్యములన్నియు కలిసివచ్చిన ఉదాహరణము జిమ్ కార్బెట్టు రైఫిలు. చంపావతు ఆడపులిని చంపినందుకు 1907లో ఆయనకు బహూకరింపబడిన ఆ .275 రిగ్బీ కొయ్యలో, ఆ విషయమును తెలుపు వెండిరేకు పొదిగియున్నది. 1955లో ఆయన మరణించిన పిమ్మట అది ఆయన గ్రంథముల ప్రకాశకులకు చేరి, 2015లో తిరిగి రిగ్బీ సంస్థకే వచ్చెను. రేకు, సంఖ్య, చేతులు మారిన క్రమము – మూడును ఒక్కటే చెప్పుచున్నవి.

దీనికి ప్రతిగా మన జిల్లాదే మరియొక యుదాహరణము. చామల లోయ పులిని గూర్చి వ్రాసిన కెన్నెత్ ఆండర్సను, బెంగుళూరు వాసియైన బ్రిటిషు సంతతివాడు. ఆయన ప్రియమైన తుపాకి మాత్రము అమెరికాదేశపు .405 వించెస్టరు. యజమాని జాతిని బట్టి తుపాకి జాతిని ఊహించుట పొరపాటని ఇందుచే స్పష్టము. దొర పేరు విన్నంతనే "బ్రిటిషుది" అని వ్రాయు పరిశోధకుడు వదంతిని చరిత్రగా మార్చుచున్నాడు.

ఈ విచారణ ఇప్పుడే ఏల అవసరము? 2019 నాటి ఆయుధచట్ట సవరణ ఒకనికి రెండు తుపాకులకు మించి యుండరాదని విధించినది. మూడవది వారసత్వముగా వచ్చినదైనను అప్పగింపవలసినదే. అప్పగించిన తుపాకి కొట్టుగదిలో పడి, దాని కథ చెప్పు కుటుంబమునకు దూరమగును. ఇంటనున్నవానికిని వేరొక ముప్పు కలదు: పాతబడినదని కొయ్యను గీకి మెరుగుపెట్టించుట. ఆ గీకుడుతో గళ్లు, పొడియక్షరములు, అతుకులు మాయమగును. శాసనమును సున్నముతో పూడ్చుట యెట్టిదో ఇదియు నట్టిదే. కాగితమును నమ్మియుందమన్నను భరోసా లేదు. 2024 జులైలో మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున పెక్కు దస్త్రములు అగ్నికి ఆహుతియైన సంగతి ఎల్లరు ఎరిగినదే.

కావున పరిశోధక విద్యార్థులకు మా మనవి ఇది. అనుమతిపత్రము గల యజమాని సమక్షమున, తూటా లేదని రూఢి చేసికొని, కొలతలు, ముద్రలు, సంఖ్య, కొయ్యపై ప్రతి గీతను వ్రాసికొనుడు. కుటుంబము చెప్పు కథను విడిగా వ్రాసికొనుడు. రెండును కలిసినచోట చరిత్ర లభించును. కలియనిచోట కథకును విలువ యున్నది. ఆ కుటుంబము తన్ను తానెట్లు తలపోసికొన్నదో అది తెలుపును. కాని ఆ రెండింటిని ఒకటిగా వ్రాయరాదు.