మెలితే ద్వీపములో రొట్టె కరవు: 1942 నాటి రేషను, గోజో బిషప్పు పాత్ర

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును మనము సాధారణముగా తుపాను కథగా బోధిస్తాము. అది ధాన్యపు ఓడ కథ కూడ. ఇటలీకి వెళ్ళుచున్న అలెక్సంద్రియ ఓడలో గోధుమలు ఉన్నాయి. 276 మంది ప్రాణములు దక్కించుకొనుటకు చివరికి ఆ గోధుమలనే సముద్రములో పారబోశారు. ఒడ్డు చేరిన వారికి ద్వీపవాసులు చలిమంట వేసి ఆదరించారు. ఆ మెలితేయే నేటి మాల్టా అని పండితులలో ఎక్కువ మంది అభిప్రాయము (వేరే ద్వీపములను సూచించినవారు లేకపోలేదు). అదే ద్వీపము 1942లో గోధుమల ఓడ కోసము కండ్లు కాయలు కాచేలా ఎదురు చూచింది.

మాల్టా అప్పుడు బ్రిటిషువారి నౌకాస్థావరము. రాజధాని వాలెట్టా, దానికి ఎదురుగా ఓడల మరమ్మతు జరిగే మూడు పట్టణములు, నడుమ గ్రాండ్ హార్బరు అనే రేవు. జనాభా సుమారు 2,70,000. నేల రాతి నేల. పండేది తిండిలో మూడవ వంతుకు మించదు. మిగిలినదంతా ఆ రేవు గుండానే రావాలి. శత్రుపక్షమైన ఇటలీకి చెందిన సిసిలీ వంద కిలోమీటర్ల దూరము కూడ లేదు. 1940 జూన్ 11న మొదటి బాంబులు పడ్డాయి. 1941 ఏప్రిల్ నుండి పంచదార, కాఫీ, సబ్బు, అగ్గిపెట్టెలకు రేషను వచ్చింది. తరువాత నూనె, కిరసనాయిలు కూడ ఆ పట్టీలో చేరాయి.

అసలు కష్టము 1942లో మొదలైంది. మార్చిలో నాలుగు ఓడలు సుమారు 26,000 టన్నుల సరకుతో బయలుదేరాయి. రెండు మాత్రమే నేరుగా రేవులోకి వచ్చాయి. అవి కూడ మూడు రోజులకే బాంబులకు గురి అయ్యాయి. మొత్తము మీద దక్కినది దాదాపు 5,000 టన్నులు. ఆ మూడు రోజులలో సరకు దింపుట మందకొడిగా సాగిందని తీవ్ర విమర్శ వచ్చింది. అప్పటి గవర్నరు విలియమ్ డాబీ బ్రదరన్ విశ్వాసి, బైబిలు చేత పట్టుకొన్న ప్రార్థనాపరుడని పేరు పొందినవాడు. మన గోదావరి ప్రాంతపు పాఠకులకు బ్రదరన్ వారు కొత్తవారు కారు. ఆయన భక్తిని శంకించనక్కర లేదు గాని, రేవులో కూలీలను, బండ్లను సిద్ధము చేసికొనుట కూడ పరిచర్యయే. మే 7న ఆయన స్థానములో లార్డ్ గోర్ట్ వచ్చాడు.

ఏప్రిల్ నెలలో ఆ చిన్న ద్వీపము మీద 6,700 టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. ఏప్రిల్ 9న మోస్తా ఊరి దేవాలయపు గుమ్మటమును చీల్చుకొని ఒక బాంబు లోపల ఆరాధికుల మధ్య పడి పేలలేదు. దానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 6న, మన విశాఖపట్నము, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. అప్పటికే రంగూను పడిపోయి బర్మా బియ్యము మనకు ఆగిపోయింది. సముద్రము మూసికొంటే పొయ్యి ఎందుకు ఆరుతుందో మన తీరపు సంఘములకు వేరుగా చెప్పనక్కర లేదు.

మే నెలలో రొట్టెకు రేషను పెట్టారు: మనిషికి రోజుకు పదిన్నర ఔన్సులు, అనగా సుమారు 300 గ్రాములు. చాలినంతే కదా అనిపించవచ్చు. కాని మాల్టా పేదకు రొట్టె పక్క వంటకము కాదు. మనకు అన్నము ఎంతో వారికి రొట్టె అంత. కూలివాడు రొట్టె మీద కాస్త నూనె, టమాట రాసికొని పూట గడిపేవాడు. నూనె పోయి, రొట్టె కూడ తగ్గితే అతనికి ఏమి మిగులుతుంది? మేత లేక మేకలను కోసివేశారు. దానితో పాలు కూడ పోయాయి. వంటచెరకు, కిరసనాయిలు లేక ప్రభుత్వము 'విక్టరీ కిచెన్స్' అనే ఉమ్మడి వంటశాలలు తెరచింది. రేషనులో కొంత వదులుకొని, ఆరు పెన్నీలు చెల్లిస్తే ఒక భోజనము. ఆ తిండి మీద జనము గొణిగిన మాట నిజమే, అయినా వరుసలో నిలువక తప్పలేదు.

అధికారుల లెక్కలో 'టార్గెట్ డేట్' అని ఒకటి ఉండేది. తిండి, ఇంధనము అడుగంటి ద్వీపము లొంగిపోక తప్పని దినము అది. ఆ తేదీ జనమునకు చెప్పలేదు. జూన్ నెలలో రెండు దిక్కుల నుండి బయలుదేరిన 17 సరకు ఓడలలో రెండే చేరాయి.

ఈ స్థితిలో గోర్ట్ దృష్టి పక్కనున్న గోజో ద్వీపము మీద పడింది. అక్కడి రైతుల వద్ద ధాన్యము ఉంది, కాని బయటికి రావడము లేదు. వారిని పిసినారులని కొట్టివేయుట న్యాయము కాదని మా అభిప్రాయము. విత్తనములు, పిల్లల తిండి, రేపటి భయము, దొంగబజారు ధర, ఇవన్నీ వారి ముందు ఉన్నాయి. సైన్యమును పంపి గాదెలు తెరిపించవచ్చు. అలా చేస్తే ధాన్యము మరింత లోతుగా దాగుతుంది. గోర్ట్ గోజో బిషప్పు మైఖేల్ గోంజీ సహాయము కోరాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గోంజీ బ్రిటిషువారికి ఇష్టుడు కాడు. 1930లో ఆర్చిబిషప్పుతో కలిసి, లార్డ్ స్ట్రిక్లండ్ పక్షమునకు ఓటు వేయుట ఘోరపాపమని కాపరి లేఖ వెలువరించినవాడు. బలిపీఠమును ఎన్నికలకు వాడిన ఆ పనిని మేము సమర్థించలేము. అదే మనిషిని ఇప్పుడు ప్రభుత్వము వేడుకొంది. ఆయన ఒప్పుకొని రైతులను అడిగాడు, ధాన్యము వచ్చింది. ఎవరి మాటకు గాదె తలుపు తెరచుకొందో చూడండి. రైతు ఇంటి పెండ్లి, చావు, బాప్తిస్మము తెలిసిన కాపరి అడిగాడు గనుక అది ఆజ్ఞగా వినిపించలేదు. అయితే ఆ కాపరి చాలా బరువైన పని నెత్తికెత్తుకొన్నాడు. ఓడలు రాకపోయి ఉంటే గోజో తల్లులు ఎవరిని నిలదీసేవారు? గవర్నరునా, బిషప్పునా?

ఆగస్టులో 14 సరకు ఓడలు పెద్ద నౌకాదళము తోడుగా వచ్చాయి. తొమ్మిది మునిగాయి, ఐదు చేరాయి. చివరిదైన ఒహాయో అనే చమురు ఓడ సగము మునిగి, రెండు పక్కల యుద్ధనౌకలు ఆనించుకొని రాగా, ఆగస్టు 15న, మరియమ్మ పండుగనాడు, రేవులోకి వచ్చింది. మాల్టీయులు నేటికీ దానిని శాంతా మరియా కాన్వాయి అంటారు. ముట్టడి నిజముగా సడలినది నవంబరు 20న వచ్చిన ఓడలతోనే. అదే నెలలో పిల్లలలో పోలియో చెలరేగింది. వంటశాలల ముందు వరుసలు అన్నిటికంటె పొడవైనది కూడ ఓడలు వచ్చిన తరువాతే: 1943 జనవరిలో 1,75,000 మందికి పైగా, అనగా జనాభాలో సగము కంటె ఎక్కువ మంది, అక్కడ తిన్నారు. ఆ సంవత్సరము డిసెంబరులో గోంజీ మాల్టా ఆర్చిబిషప్పు అయ్యాడు. ఆయన నియామకమునకు బ్రిటిషువారి అభ్యంతరము తొలగుటలో గోర్ట్ మాట పని చేసింది.